నూట యాభై రెండో అంగ

పదీ నలభైకి ఫోన్ మోగింది.

షెకీనా కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే రిసీవర్ ఎత్తింది. సోమవారం కాలేజీకి యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వస్తోంది. ఈలోగా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరెవరు ఏ పరిశోధన చేస్తున్నారో జాబితా టైప్ చేసి పెట్టాలి. డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే చిన్నది కాబట్టి ఆ పని ఆమె నెత్తిన పడింది.

"హలో, స్టాటిస్టిక్స్."

అవతల ఎవరో రొప్పుతున్నారు. ఎండుటాకులు గరగరలాడుతున్నాయి.

"షెకీనా... నువ్వు రాసింది..."

అది హెడ్ వరదానం గారి గొంతు. నాలుక మందమైనట్టు మాట ముద్దగా వస్తోంది.

"సార్, ఎక్కడున్నారు?"

"నూట పదహారు. నూట పదిహేడు." ఆయన ఆమెతో మాట్లాడటం లేదు. లెక్కపెడుతున్నాడు. "నూట పద్దెనిమిది. ఇంకా రాదేటి..."

ఏదో కింద పడింది. లైను తెగిపోయింది.

ఆమె ఆయన సెల్‌కి తిరిగి చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. మూడోసారీ మోగలేదు. ఆ ముద్ద గొంతు ఆమెకి కొత్త కాదు. రెండేళ్ళ కిందట క్లాసులో ఆయన అలాగే మాట్లాడి బోర్డు ముందు కూలిపోయాడు. కుర్రాళ్ళు తాగొచ్చారనుకున్నారు. రక్తంలో సుగర్ పడిపోయిందని ఆ రోజు కనిపెట్టింది షెకీనాయే. ఇంకో గంట ఆలస్యమైతే మెదడు దెబ్బతినేదన్నాడు డాక్టరు.

ఇప్పుడాయన ఏ చెరకు తోటలోనో ఒంటరిగా ఉన్నాడు. ఏ తోటో ఎవరికీ తెలీదు.

ఎందుకు వెళ్ళాడో మాత్రం ఆమెకి తెలుసు.

వరదానం గారి పరిశోధన నమూనా సర్వేలు. పదకొండేళ్ళుగా ఆయన చేస్తున్నది ఒకటే పని. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు దిగుబడి ఎంతో, తోటలన్నీ కొయ్యకుండా, కొన్ని గళ్ళు మాత్రమే కోసి చెప్పడం. చేనుకి నైరుతి మూల నిలబడాలి. రాండమ్ నంబర్ల పట్టికలోంచి రెండు నంబర్లు తియ్యాలి. మొదటి నంబరుకి గట్టు వెంట అన్ని అంగలు, రెండో నంబరుకి చేలోకి అన్ని అంగలు నడవాలి. అక్కడ ఐదు మీటర్ల గడి కోసి తూచాలి. అక్కడ ముళ్ళున్నా, బురదున్నా, పామున్నా అక్కడే. 'నంబరు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి. మనకి వీలైన చోటికి కాదు.' పదకొండు బ్యాచ్‌ల కుర్రాళ్ళు ఆ మాట విన్నారు.

మూడు రోజుల కిందట షెకీనా ఆయన బల్ల మీద ఒక కాగితం పెట్టింది. సర్వేలో తూకాలన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగుస్తున్నాయి. మూడు చేలల్లో అయితే కిందటేడు తూకమే మళ్ళీ దిగింది. 'ఇవి పొలంలో తూచిన అంకెలు కావు సార్, కుర్చీలో కూర్చుని రాసినవి' అని కింద రాసింది.

ఆయన మండిపడ్డాడు. "ఆ తూకాలు తెచ్చే మా తాతబ్బాయి అలాంటోడు కాదు. నువ్వు పుట్టని రోజుల్నుంచీ ఎరుగుదును వాణ్ణి. నేనే వెళ్ళి కోసి తూచి చూపిస్తాను."

ఈ శనివారం అన్నంత పనీ చేశాడు.

షెకీనా ఆయన ఇంటికి ఫోన్ చేసింది. భార్య లూర్దు మేరీ ఎత్తింది.

"ఆరింటికే ఎల్లిపోయేరమ్మా. ఇన్సులిన్ పొడుచుకున్నారు. ఇడ్లీ ఇంకా పొయ్యి మీదే ఉంది. బస్సు తప్పిపోద్ది, బస్ కాంప్లెక్సులో తింటానన్నారు. ఏటయ్యింది?"

"ఏ ఊరో చెప్పేరా ఆంటీ?"

"ఆయన నాతో సరిగ్గా మాటాడి మూడ్రోజులైంది. నీ కాయితం చదివిన కాడ్నుంచీ ఎవరితోనైనా ఒకటీ అరా మాటే." ఆమె ఆగింది. "షెకీనా, తిన్నారంటావా?"

తిన్నాడనే చెప్పింది షెకీనా. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ప్రొఫెసర్ త్రినాధరావు పక్క గదిలోంచి టీ గ్లాసుతో వచ్చాడు. ఆయనది కాలశ్రేణులు, అంటే గడిచిన ఏళ్ళ లెక్కల్లోంచి రాబోయే ఏడు చెప్పడం. షెకీనాది సెర్చ్ థియరీ. పోయినదాన్ని ముందు ఎక్కడ వెతకాలో, అక్కడ దొరక్కపోతే తర్వాత ఎక్కడికి మళ్ళాలో చెప్పే లెక్క. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ అదో ఆటవిడుపు. 'సముద్రంలో పోయిన ఓడలు వెతికే చదువు మన శారదా నదికెందుకమ్మా' అని త్రినాధరావే వారానికోసారి అనేవాడు.

విషయం విన్నాక ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నీకు అనుమానం వచ్చిన చేలు మూడు కదా. ఏవేవి?"

"సబ్బవరం దగ్గరొకటి. రావికమతం దగ్గరొకటి. మాకవరపాలెం దగ్గరొకటి."

"మూడూ మూడు దిక్కులు. ఉన్నది నా ఒక్క మారుతి."

షెకీనా అల్మరా తీసి సర్వే రిజిస్టర్ లాగింది. గుమ్మంలో తాతబ్బాయి నిలబడి ఉన్నాడు. సర్వే ఇన్వెస్టిగేటర్ అతనే. యాభై దాటాయి. పొలాలకి తిరిగే మనిషిలా ఎండకి కమిలిన మొహం. పొద్దున్నుంచీ ఆ గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాడు.

"సబ్బవరం చేను ముప్పై ఒకటి, అరవై నాలుగు," షెకీనా చదివింది. "రావికమతం నలభై, ఎనభై ఎనిమిది. మాకవరపాలెం ఇరవై ఏడు, నూట యాభై రెండు."

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

"సార్ నూట పద్దెనిమిది దాకా లెక్కపెట్టేరు. వంద దాటి నడవాల్సిన చేను మాకవరపాలెందొక్కటే."

"సుగర్ పడిపోయినోడు లెక్క తప్పడా?"

"తప్పొచ్చు సార్. కానీ మన దగ్గర ఇంకేముంది?"

త్రినాధరావు ఒక్క క్షణం ఆమె వైపు చూసి కారు తాళాలు తీశాడు. మిగతా రెండు ఊళ్ళకీ ఫోన్లు చెయ్యమని గుమస్తాకి చెప్పి ముగ్గురూ బయల్దేరారు. మాకవరపాలెం చేను పైడిరాజు అనే రైతుది. అతని ఇంటికి ఫోన్ మోగుతూనే ఉంది. కోతల రోజులు, ఇంట్లో ఎవరుంటారు.

తాళ్ళపాలెం దాటాక చెరకు ట్రాక్టర్లు అడ్డం. ఒకదాని వెనక ఒకటి, పది పన్నెండు. తప్పుకోవడానికి దారి లేదు. త్రినాధరావు హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

"షెకీనా, ఆ కాగితం అలా మొహాన కొట్టినట్టు రాయకుండా ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"తప్పు రాసేనా సార్?"

"ఒప్పే రాసేవు. ఒప్పు చెప్పడానికి ఒక పద్ధతుంటాది. ఆయన రిటైర్మెంట్‌కి ఇంకా మూడేళ్ళే ఉంది."

షెకీనా రోడ్డు వైపు తిరిగింది. వాచీ చూసుకుంది. పదకొండున్నర. ఫోన్ వచ్చి యాభై నిమిషాలు. వెనక సీట్లో తాతబ్బాయి రిజిస్టర్ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆన్చి, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చొక్కా తడిసిపోయింది.

చేను దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. నైరుతి మూల గట్టు మీద గొడుగు ఉంది. పక్కన గుడ్డ సంచి.

షెకీనా పరుగెత్తింది. సంచి వరదానం గారిదే. లోపల కొలత టేపు, కాటా, కొడవలి ఉన్నాయి. అడుగున చించని గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్.

తినాల్సింది ఇక్కడుంది. తినాల్సిన మనిషి లోపలున్నాడు.

పక్క మడిలో కోత నడుస్తోంది. పైడిరాజు అక్కడే ఉన్నాడు. సంగతి వినగానే పద్నాలుగు మంది కోత మనుషుల్ని పిలిచాడు. మనిషికి రెండేసి సాళ్ళ చొప్పున చేలోకి దిగారు. షెకీనా కూడా దిగింది. ఆకులు మొహం మీద కోసుకుపోతున్నాయి. లోపల గాలి లేదు. "సార్, సార్" అని ఎవరు అరిచినా గొంతు పది అడుగులు దాటి పోవడం లేదు.

ఇరవై నిమిషాల్లో అందరూ అవతలి గట్టుకి చేరారు. ఎవరికీ ఏమీ కనపడలేదు.

"రెండోసారి చూద్దాం," అంది షెకీనా.

"సెయ్యి పెట్టని సోటు నేదమ్మా లోపల," అన్నాడు పైడిరాజు. "పిల్లి ఉన్నా దొరికేసును."

అప్పుడు రోడ్డు మీంచి సైకిల్ మనిషి ఒకడు ఆగి, ఏం వెతుకుతున్నారని అడిగాడు. విని తల ఊపాడు. "తెల్లసొక్కా, కళ్ళద్దాలు? అరగంట కిందట ఒకాయన తూలుకుంటా రోడ్డెక్కేడు. నర్సీపట్నం ఆటో ఎక్కించేరు ఎవరో."

త్రినాధరావు అప్పటికే కారు వైపు తిరిగాడు.

"పద షెకీనా. ఆటోవాళ్ళు ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళేరో పట్టుకోవచ్చు."

"సార్, సంచి ఇక్కడే ఉంది."

"సుగర్ పడ్డవాడికి సంచి గుర్తుంటాదా? పేరే గుర్తుండదు."

అది నిజం. ఆమె చదువు చెప్పేది కూడా అదే. ఒకచోట వెతికి దొరకకపోతే ఆ చోటు మీద నమ్మకం తగ్గించుకో, ఇంకోచోటికి మళ్ళు. చెయ్యి పెట్టని చోటు లేకుండా వెతికారు. మనిషిని చూసినవాడు ఒకడు చెబుతున్నాడు. ఏ పుస్తకం తెరిచినా కారెక్కమనే అంటుంది.

"మీరు వెళ్ళండి," అంది. "దొరికితే కబురు పంపండి. నేను ఉంటాను."

"ఎందుకు?"

ఎందుకో ఆమెకీ తెలీదు. ఆ బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పట్టుకుని కారెక్కడానికి కాళ్ళు రాలేదు, అంతే.

కారు వెళ్ళిపోయింది. దుమ్ము సర్దుకునేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఆటోలో వెళ్ళింది ఆయనే అయితే సరే. కాకపోతే, ఉన్న ఒక్క కారుని పంపేసింది. పన్నెండూ నలభై. రెండు గంటలు.

ఇంకేం చెయ్యాలో తోచక ఆయన చేసిందే చేద్దామనుకుంది. నైరుతి మూల నుంచి గట్టు వెంట ఇరవై ఏడు అంగలు వేసింది. సాలులోకి తిరిగింది. ఒకటి. రెండు. మూడు. ఆయన అంగ తన అంగ కంటే పెద్దది కాబట్టి సాగదీసి వేస్తోంది. యాభై. డెబ్భై. తొంభై.

తొంభై ఐదో అంగకి ముళ్ళకంచె తగిలింది. చేను అయిపోయింది.

ఆమె కంచె ముందు నిలబడిపోయింది. తర్వాత వెనక్కి పరుగెత్తింది.

"తాతబ్బాయి గారూ, రిజిస్టర్."

అతను ఇచ్చాడు. మాకవరపాలెం పేజీ. చేను పొడవు: నూట తొంభై అంగలు.

"పైడిరాజు గారూ, ఈ చేను నిలువు ఎన్ని అంగలుంటాది?"

"తొంబయ్యో, వందో. మా తాత కాడ్నుంచీ అంతే."

షెకీనా తాతబ్బాయి వైపు తిరిగింది. అతను నేల చూస్తున్నాడు.

"నూట తొంభై అని ఎవరు కొలిచేరు?"

అతను చెప్పుతో మట్టి గీరాడు.

"బాబాయ్, నేను మీ ఉద్యోగం అడగట్లేదు. సార్ ఎక్కడున్నారో అడుగుతున్నాను. మీరు ఈ చేను కొలిచేరా?"

తాతబ్బాయి పెదాలు తడుపుకున్నాడు. కోత మనుషులంతా వింటున్నారు.

"కొలవనేదమ్మా."

"మరి ఈ అంకె?"

"ఏదో ఒకటి రాయాల గదా. నంబర్ల పట్టిక మీరు సూత్తారు, దానికి సరిపడా పొడుగు నాను ఏసేత్తాను." చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "లోపలికి దిగి కొయ్యాలంటే ముగ్గురు మనుసులు గావాల. డిపార్ట్‌మెంటు ఒక్కడికే కూలిత్తాది. నానొక్కణ్ణీ ఏటి సేసీది? రోడ్డు పక్కన నాలుగు సెరుకు గెడలు ఇరిసి, సూపుకి రాసీసీవోణ్ణి."

ఆమె వినడం ఆపేసింది. ఒక్క అంకె చెవిలో గింగురుమంటోంది.

నూట పద్దెనిమిది.

చేను తొంభై ఐదు అంగలు. ఆయన ఫోన్‌లో లెక్కపెట్టింది నూట పద్దెనిమిది. అంటే పదీ నలభైకే ఆయన ఈ చేలో లేడు. కంచె దాటి ఇరవై మూడు అంగలు అవతల ఉన్నాడు. ఆ తెల్లచొక్కా ఎవరో ఏమో గాని, పిల్లి కూడా దొరికేంత గట్టిగా వీళ్ళు వెతికింది ఆయన లేని చేను.

"బాబాయ్, నంబరు నూట యాభై రెండంటోంది. మధ్యలో కంచె అడ్డొచ్చింది. సార్ ఏం చేస్తారు?"

తాతబ్బాయి తలెత్తాడు. అతని మొహంలో రక్తం లేదు.

"సార్ ఆగరమ్మా," అన్నాడు మెల్లిగా. "నాను రాసినానని నమ్ముతారు గదా. కంచె ఎవుడో కొత్తగా ఏసేడనుకుంటారు."

కంచెకి అవతల దేముడు అనే రైతు చేను. అదీ చెరకే. షెకీనా అటు వెళ్ళమంటే కోత మనుషులు కదల్లేదు. పైడిరాజు గొంతు సవరించుకున్నాడు.

"గట్టు తగువుందమ్మా మాకు. కోర్టులో నడుత్తంది. ఆడి సేలో నా మనుసులు కాలెడితే రేపు దొంగతనం కేసెట్టేత్తాడు."

"మనిషి చచ్చిపోతున్నాడండీ."

"ఆడున్నాడని మీకేటి గేరంటీ?"

కోత మనుషుల పెద్ద అప్పలనర్సమ్మ కొడవలి నడుముకి దోపుకుంది. అరవై ఏళ్ళ మనిషి.

"నీ కేసు నువ్వు సూసుకో మామా. ఆ దేముడు వత్తే నాను సెప్పుకుంతాను, ఆడికి నాను సిన్నమ్మని." కంచె దగ్గరికి వెళ్ళి కర్రతో ముళ్ళు పక్కకి నొక్కింది. "రండర్రా. ఈయమ్మ కళ్ళంట నీళ్ళు రాకండా ఏడుత్తంది, కనబళ్ళేదేటి మీకు."

అందరూ దాటారు.

ఈ చేను మూడెకరాలు. షెకీనా గబగబా చెప్పింది. కంచె నుంచి యాభై ఏడు అంగల దగ్గర ఒక చోటుంది, దాని చుట్టూ గుండ్రంగా పెంచుకుంటూ పోవాలి, అన్ని వైపులా పదేసి అంగలు, తర్వాత ఇరవయ్యేసి.

అప్పలనర్సమ్మ అడ్డంగా తలూపింది.

"గుండ్రంగా తిరగడానికి ఇదేటి బయలా? జడసుట్టు సుట్టేసున్నాది సూడు."

షెకీనా చూసింది. గాలికి పడిపోకుండా పక్కపక్క గెడల్ని వాటి ఆకులతోనే జడలా మెలేసి కట్టేశారు. సాలుకీ సాలుకీ మధ్య అది గోడ.

"మంచోడే అడ్డంగా దాటనేడు. మత్తుగా ఉన్న మడిసి ఏటి దాటుతాడు? ఏ సాలులో దిగేడో ఆ సాలులోనే ఉంతాడు. తిన్నగా పోవాల, తిన్నగా రావాల. అంతే."

తన లెక్క ఎక్కడ తప్పిందో షెకీనాకి ఒక్క మాటలో అర్థమైంది. నెలల తరబడి ఆమె కాగితం మీద మనుషుల్ని అన్ని దిక్కులకీ నడిపించింది. చెరకులో ఉన్నవి రెండే దిక్కులు.

"అయితే ఆయన దాటిన చోటికి ఎదురుగా ఉన్న సాలు నుంచి మొదలెడదాం. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. సాలుకొకరు. డెబ్భై అంగలు దాటొద్దు."

"ఎందుకూ?"

"నూట యాభై రెండు అయ్యేక ఆయన ఒక్క అంగ కూడా వెయ్యరు."

ఆమె మధ్య సాలులోకి దిగింది. వంగి నడవాలి. పది. ఇరవై. ఇరవై మూడో అంగ దగ్గర కాలి కింద ఏదో పగిలినట్టైంది. సెల్ ఫోన్. బ్యాటరీ ఊడి పక్కన పడి ఉంది. ఆమె దాన్ని తియ్యడానికి వంగలేదు. ముప్పై. నలభై. యాభై.

యాభై ఏడు దగ్గర వరదానం గారు పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. అద్దాలు ఒక చెవికి వేలాడుతున్నాయి. ఒళ్ళంతా చల్లటి చెమట. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని చూపు లేదు. పక్కన నేల మీద నాలుగు చెరకు ముక్కలు గుచ్చి ఉన్నాయి. చేతికందినంత మేర గడికి నాలుగు మూలలు.

"సార్. సార్."

పలకలేదు. ఊపిరి ఉంది.

చుట్టూ మూడెకరాల తీపి. మధ్యలో ఆ మనిషి ఒంట్లో తీపి చాలక పోతున్నాడు.

ఆమె బిస్కెట్ ప్యాకెట్ చింపబోయింది. అప్పలనర్సమ్మ వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నోట్లో పెట్టీకు, గొంతుకడ్డం పడద్ది." కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసింది, మధ్యాన్నం అంబలిలోకి తెచ్చుకున్నది. నీళ్ళ సీసా మూతలో తడిపి మెత్తగా చేసి, వేలితో ఆయన చిగుళ్ళకి రాసింది. మళ్ళీ రాసింది. "పక్కకి తిప్పి ఉంచు. మా ఆయనకీ ఇదే జబ్బు."

ఆయన్ని బయటికి తెచ్చింది తాతబ్బాయి. సాలులో ఇద్దరు పట్టే వెడల్పు లేదు. అతనొక్కడే భుజాన వేసుకుని, నడుం వంచి, కుంటుకుంటూ నూట యాభై రెండు అంగలూ నడిచాడు. ఎవరు సాయం వస్తానన్నా ఇవ్వలేదు.

కారు లేదు. సగం లోడెక్కిన ట్రాక్టర్ ఉంది. పైడిరాజు ఏమీ అనకుండా లోడు దొర్లించేసి ఇంజను స్టార్టు చేశాడు.

మండల కేంద్రంలో ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంటా నలభై అయింది. డాక్టరు వేలు పొడిచి చూశాడు. బెల్లం రాసినా సుగర్ ఇరవై ఆరే ఉంది. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాడు. "ఐదు నిమిషాల్లో లేస్తారు మామూలుగా."

ఐదు నిమిషాలైంది. పదైంది. సుగర్ నూట నలభైకి వచ్చింది. ఆయన లేవలేదు.

"ఎంతసేపు పడి ఉన్నారు?"

"రెండున్నర గంటలు."

డాక్టరు టార్చి వేసి ఆయన కళ్ళు మళ్ళీ చూశాడు.

మూడింటికి లూర్దు మేరీ వచ్చింది. త్రినాధరావు నర్సీపట్నంలో ఆ తెల్లచొక్కాని పట్టుకున్నాడు, ఎవరో తాగిన పంతులు. అక్కణ్ణుంచి అనకాపల్లి వెళ్ళి, షెకీనా ఆసుపత్రి నుంచి డిపార్ట్‌మెంట్‌కి చేసిన ఫోన్ సంగతి విని లూర్దు మేరీని తీసుకొచ్చాడు. ఆమె భర్త కాళ్ళ దగ్గర కూర్చుని చేతిలో జపమాల తిప్పుతూనే ఉంది. ఒకసారి ఆపి, తల తిప్పకుండా అంది.

"కాయితం ఎందుకు రాసేవమ్మా అని నిన్ను తిట్టుకున్నాను దారంతా."

"తిట్టండి ఆంటీ."

"ఇప్పుడు ఓపిక నేదు. లేచేక తిడతాను."

నాలుగున్నరకి ఆయన వేలు కదిలింది. ఐదుంబావుకి కళ్ళు తెరిచాడు. భార్యని చూశాడు, ఆమె పేరు చెప్పమని డాక్టరు అడిగితే చెప్పాడు. ఈ రోజు ఏ వారమంటే చెప్పలేకపోయాడు. ఎడం చెయ్యి పిడికిలి పట్టలేకపోయింది. అది మెల్లిగా రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. లూర్దు మేరీ మొహం చేతుల్లో దాచుకుంది.

ఆదివారం ఉదయానికి మాట తేటపడింది. ఇడ్లీ తిన్నాడు. ఆ చేను నిజంగా ఎన్ని అంగలో షెకీనాని అడిగి, తాతబ్బాయిని పిలవమన్నాడు.

తాతబ్బాయి రాత్రంతా వరండాలోనే ఉన్నాడు. లోపలికొచ్చి మంచానికి దూరంగా నిలబడ్డాడు.

"ఎన్నేళ్ళబట్టి?" అన్నాడు వరదానం.

"సార్..."

"ఈ ఒక్క చేనా? ఈ ఒక్క ఏడా?"

షెకీనా కళ్ళతోనే వద్దంది. ఒక్కటే అని చెప్పు. ఇంకో నెల పోయాక మిగతాది చెప్పు. తాతబ్బాయి ఆమె వైపు చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఎనిమిదేళ్ళు సార్. మొదటి మూడేళ్ళే నిజంగా కొలిచేను. మోకాలు పోయిన కాడ్నుంచీ ఇలాగే."

వరదానం గారు కళ్ళు మూసుకున్నాడు. షెకీనా ఆయన ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. ఎనిమిదేళ్ళు అంటే ఏమిటో ఆ గదిలో ఆమెకీ ఆయనకీ మాత్రమే తెలుసు. ఆ సర్వే మీద ఆయన అచ్చేసిన పేపర్లు పదకొండు. అందులో తొమ్మిది ఈ ఎనిమిదేళ్ళవే. ఆయన పేరు ఎక్కడ వినపడినా ఆ తొమ్మిదింటి వల్లే. చేలోంచి మనిషిని షెకీనా తీసుకొచ్చింది. ఆ మనిషికున్న పేరుని మాత్రం తేలేకపోయింది.

"మోకాలు పోయిందని నాకు చెప్పాలి గదరా," అన్నాడు చివరికి. కోపం లేదు. "కుర్రాణ్ణి ఇచ్చేవాణ్ణి గదా తోడు."

"మీరు మడిసినిచ్చినా నానే ఎల్లాలంతారు సార్. రూలంటారు. బయమేసి సెప్పనేదు."

"ఎల్లు. ఇంటికెళ్ళి తిను."

తాతబ్బాయి వెళ్ళాడు.

"షెకీనా, కాగితం తియ్యి."

"సార్, ఇప్పుడొద్దు."

"రేపు రాయించుకుందురు గాని," లూర్దు మేరీ లేచింది. "చెయ్యే లేవట్లేదు మీకు."

"రేపటికి నేను మనసు మార్చుకుంటాను మేరీ. నన్ను నేను ఎరగనా? త్రినాధు వస్తాడు, తనిఖీ వాళ్ళు వెళ్ళేదాకా ఆగమంటాడు, ఆగుతాను. తర్వాత రిటైర్మెంట్ దాకా ఆగుతాను." ఆయన రొప్పాడు. "రాయమ్మా. సంపాదకుల వారికి. తొంభై ఏడులో మీరు ప్రచురించిన నా పేపర్లో వాడిన తూకాలు పొలంలో తూచినవి కావని నాకు తెలిసింది. కాబట్టి ఆ పేపరుని ఉపసంహరించుకుంటున్నాను. తప్పు పర్యవేక్షకుడిగా నాది."

"తాతబ్బాయి పేరు?"

"నాది అన్నాను గదా."

ఆమె రాసింది. అక్షరాలు అలుక్కుపోతుంటే కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది. ఆయన కుడి చేత్తో సంతకం పెట్టడానికి కాగితం కదలకుండా పట్టుకునే ఎడం చెయ్యి లేదు. లూర్దు మేరీ వంగి కాగితం అంచులు రెండు చేతులా అదిమి పట్టింది.

సంతకం చేసి కాగితం పక్కన పెట్టాడు.

"తొంభై ఎనిమిదిలో రెండున్నాయి," అన్నాడు. "ముందు చిన్నది రాయి."